కోదాడలో దుకాణం మూసేది పదికా, పన్నెండుకా?

2021 మే నెల. కరోనా రెండో అల రెండు తెలుగు రాష్ట్రాలనూ ముంచెత్తుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచి పగటి కర్ఫ్యూ పెట్టారు. ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా దుకాణాలు తెరవచ్చు. తెలంగాణలో మే 12న లాక్‌డౌన్ మొదలైంది. ఇక్కడ సడలింపు ఆరు నుంచి పదింటి వరకే.

కోదాడ తెలంగాణలోని పట్టణం. హైదరాబాద్‌కు సుమారు 175 కిలోమీటర్లు. విజయవాడకు వంద కూడా ఉండదు. అక్కడ ఎవరైనా పాత ట్రాన్సిస్టర్ ముల్లు తిప్పితే ఆకాశవాణి విజయవాడ కేంద్రం, మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ దగ్గర, పట్టపగలు గట్టిగానే పలుకుతుంది. అందులో చెప్పే వేళలు ఆంధ్ర వేళలు. అది విని పదకొండింటికి సంచీ పట్టుకుని బజారుకెళ్తే కోదాడలో షట్టర్లు దించి ఉంటాయి. రాష్ట్ర సరిహద్దులోని రామాపురం క్రాస్‌రోడ్ చెక్‌పోస్టులో ఈ-పాస్ లేని కార్లను వెనక్కి పంపారు గానీ, విజయవాడ నుంచి వచ్చే తరంగాన్ని ఆపే ఏర్పాటు ఎవరి దగ్గరా లేదు.

జనాన్ని ఇళ్లలో కూర్చోబెట్టిన ఆ రెండేళ్లలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి పట్టణాలకు పాఠాలు, వార్తలు, హెచ్చరికలు గాలిలోంచీ తీగలోంచీ వచ్చాయి. కొన్ని ఎంతో దూరం నుంచి వచ్చాయి. పక్క వీధిలోవే కొన్ని మాత్రం రాలేదు. ఎందుకన్నది తరంగాల నడతలో ఉంది.

నేలను అంటుకుని నడిచే తరంగం

రేడియో తరంగం గుణమంతా దాని పొడవును బట్టి ఉంటుంది. విజయవాడ మీడియం వేవ్ తరంగం ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి సుమారు 358 మీటర్లు. 738 కిలోహెర్ట్జ్ మీద వచ్చే హైదరాబాద్ ‘ఎ’ కేంద్రానిది ఇంకా పొడవు, దాదాపు 406 మీటర్లు. ఇంత పొడవైన తరంగం భూమి ఉపరితలాన్ని అంటిపెట్టుకుని, నేల వంపుతో పాటే వంగుతూ సాగుతుంది. కొండ అడ్డొచ్చినా చుట్టి వెళ్తుంది. హైదరాబాద్ ట్రాన్స్‌మిటర్ శక్తి 200 కిలోవాట్లు, విజయవాడది 100 కిలోవాట్లు. అందుకే సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ మూడూ పగటిపూట ఈ రెండింటి పరిధిలోనే ఉంటాయి.

రాత్రయ్యాక కథ మారుతుంది. ఆకాశంలో వంద కిలోమీటర్ల లోపు ఎత్తున సూర్యకిరణాల వల్ల ఏర్పడే ఒక విద్యుదావేశ పొర పగలంతా మీడియం వేవ్‌ను మింగేస్తుంటుంది. పొద్దు గుంకగానే అది కరిగిపోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరలను తాకి, తిరిగి కిందికి వంగి వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. తొమ్మిదింటికి ట్రాన్సిస్టర్ పెడితే తెలుగు వార్తల వెనక ఏ తమిళ పాటో గుసగుసలాడేది ఇందుకే.

ఎఫ్‌ఎం తరంగం పొడవు మూడు మీటర్లే. అది దాదాపు తిన్నగా పోతుంది, చూపు ఆనేంత దూరమే దాని రాజ్యం. వంద మీటర్ల టవర్ మీంచి వదిలితే నలభై కిలోమీటర్ల దగ్గర భూమి వంపు అడ్డుపడుతుంది. ఆ దూరం రెట్టింపు కావాలంటే టవర్ ఎత్తు నాలుగింతలు కావాలి, ఖర్చు సంగతి చెప్పనక్కర్లేదు. విజయవాడ నుంచి కోదాడ వైపు కొండపల్లి కొండలు కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లో కారెక్కి ఎఫ్‌ఎం పెట్టుకున్నవాళ్లకు సూర్యాపేట చేరకముందే గరగర మొదలవుతుంది.

ఎఫ్‌ఎంకు ఇది లోపమే అనుకుంటాం. మహమ్మారి కాలంలో ఇదే దాని బలం అయ్యేది. దూరం పోలేని తరంగం సహజంగానే స్థానికం. సూర్యాపేటలో ఒక ఎఫ్‌ఎం కేంద్రం ఉంటే దాని మాట సూర్యాపేట చుట్టుపక్కల వాళ్లకే వినబడుతుంది, వాళ్లకు సంబంధించిన వేళలే చెబుతుంది. కానీ ఈ మూడు పట్టణాల్లో దేనికీ సొంతంగా కార్యక్రమాలు తయారుచేసే రేడియో కేంద్రం లేదు. వినబడేవన్నీ రాష్ట్రానికంతటికీ పనికొచ్చే మాటలే, వార్డుకు పనికొచ్చేవి కావు.

[బాక్స్] ఫోన్‌లో ఎఫ్‌ఎంకు ఇయర్‌ఫోన్ ఎందుకు గుచ్చాలి?

చాలా ఫోన్లలో ఎఫ్‌ఎం వినే చిప్ ఉంటుంది. ఆ యాప్ తెరవగానే ‘ఇయర్‌ఫోన్ పెట్టండి’ అంటుంది. స్పీకర్‌లో వింటామన్నా ఒప్పుకోదు. కారణం యాంటెన్నా. తరంగాన్ని బాగా పట్టాలంటే యాంటెన్నా పొడవు ఆ తరంగంలో కనీసం నాలుగో వంతు ఉండాలి. మూడు మీటర్ల ఎఫ్‌ఎం తరంగానికి అది ముప్పావు మీటరు. అంత పొడవు ఫోన్‌లో పట్టదు, ఇయర్‌ఫోన్ తీగలో పడుతుంది. ఈ రేడియోకు డేటా అక్కర్లేదు, రీచార్జ్ అక్కర్లేదు. తీగలేని ఇయర్‌బడ్స్ వచ్చాక, కొన్ని కంపెనీలు చిప్ ఉన్నా ఎఫ్‌ఎంను పనిచేయకుండా చేశాక ఈ సౌకర్యం మరుగున పడింది. విపత్తుల్లో పనికొస్తుంది గనుక దాన్ని తీసేయొద్దని 2023లో కేంద్ర ప్రభుత్వం తయారీదారులకు సూచించింది.

వినేవాళ్లు పెరిగితే ఏమవుతుంది?

2020 మార్చి 24న, లాక్‌డౌన్ మొదలయ్యే ముందు రోజు, వీడియో యాప్‌లు నడిపే పెద్ద కంపెనీలు ఒక నిర్ణయానికి వచ్చాయి. మొబైల్ నెట్‌వర్క్‌ల మీద హెచ్‌డీ బొమ్మ ఆపేసి, 480పీకి మించకుండా పంపుతామన్నాయి. అందరూ ఇళ్లలో కూర్చుని ఒకేసారి వీడియోలు చూస్తే నెట్‌వర్క్ తట్టుకోలేదన్న భయం అది. అదే వారంలో దూరదర్శన్ పాత ‘రామాయణం’ మళ్లీ మొదలుపెట్టింది. కోట్లమంది చూశారు. దూరదర్శన్ బొమ్మ నాణ్యత ఇసుమంత కూడా తగ్గించుకోవాల్సిన అవసరం రాలేదు.

తేడా ఎక్కడుంది? ఊళ్లో డప్పు చాటింపు వేసే మనిషికి పదిమంది విన్నా వెయ్యిమంది విన్నా పడే శ్రమ ఒకటే. పెళ్లి శుభలేఖలు పంచే మనిషికి మాత్రం ఇళ్లు పెరిగిన కొద్దీ నడక పెరుగుతుంది. రేడియో, టీవీ ప్రసారం చాటింపు. ట్రాన్స్‌మిటర్ వదిలిన శక్తి గాలిలో పరుచుకుంటుంది. మీ ఇంట్లో రేడియో పెట్టినంత మాత్రాన పక్కింటికి తగ్గదు. ఇంటర్నెట్ వీడియో శుభలేఖ. ఒకే తరగతి పిల్లలు ముప్పైమంది ఒకే టవర్ కింద కూర్చుని ఒకే పాఠం ఫోన్‌లో చూస్తే టవర్ ఆ పాఠాన్ని ముప్పై ప్రతులుగా, ఒక్కొక్కరికి విడిగా పంపాలి. టవర్‌కు ఉన్న సామర్థ్యాన్ని ఆ ముప్పైమందీ పంచుకోవాలి. ముప్పై ఒకటో ఫోన్ వచ్చినప్పుడు అందరి బొమ్మా కాస్త తడబడుతుంది.

2020 సెప్టెంబర్ 1న తెలంగాణ ప్రభుత్వం మూడు నుంచి పదో తరగతి దాకా పాఠాలను దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ల ద్వారా మొదలుపెట్టింది. కాలం మారినా టీవీయేనా అని పెదవి విరిచినవాళ్లున్నారు. నా లెక్కలో అది ఆ ఏడాది తీసుకున్న తెలివైన సాంకేతిక నిర్ణయాల్లో ఒకటి. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒక ఫోన్, అదీ తండ్రితో పొలానికో డ్యూటీకో వెళ్లిపోయే ఫోన్ ఉన్నచోట పాఠానికి దారి టీవీయే. టీవీ లేని పిల్లల్ని పక్కింటికీ పంచాయతీ కార్యాలయానికీ పంపాల్సి వచ్చింది. అయినా ఒక టీవీ ముందు పదిమంది కూర్చోవచ్చు, ఒక ఫోన్ ముందు కూర్చోలేరు.

దొరకనిది గంటలు

చాటింపుకు ఇంకో చిక్కుంది. వినేవాళ్లకు పరిమితి లేదు గానీ చెప్పే సమయానికి ఉంది. ఇంటర్నెట్‌లో దీనికి పూర్తిగా తలకిందులు: ఎన్ని పాఠాలైనా పెట్టొచ్చు, ఎవరికి కావలసింది వాళ్లు కావలసినప్పుడు చూడొచ్చు, ఒకేసారి చూసేవాళ్లు పెరిగితేనే ఇబ్బంది.

మూడు నుంచి పది దాకా తరగతులు ఎనిమిది. ప్రతి తరగతికీ భాషలు, లెక్కలు, సైన్స్, సాంఘికం. తెలుగు మీడియం వేరు, ఇంగ్లిష్ మీడియం వేరు, ఉర్దూ మీడియం ఇంకో వేరు. చేతిలో ఉన్న చానళ్లు రెండు మూడు, రోజులో పిల్లలు మేలుకుని ఉండే గంటలు పన్నెండో పదమూడో. ఈ లెక్క వేస్తే ఒక్కో తరగతికి ఒక రోజులో దక్కేది కొన్ని అరగంటలే అని తేలిపోతుంది. బడిలో ఏడు పీరియడ్లు కూర్చునే పిల్లకు టీవీలో రెండు మూడు పీరియడ్లు వచ్చాయంటే ఉపాధ్యాయుల బద్ధకం కాదది. గాలిలో చోటు అంతే. అంతేకాదు, అర్థం కాని చోట టీవీని ఆపి అడిగే వీలు లేదు. ఆ పని చేయడానికే ఉపాధ్యాయులను ఫోన్‌లో పిల్లలతో మాట్లాడమన్నారు.

కేంద్రం 2020 మే 17న ప్రకటించిన ‘పీఎం ఈ-విద్య’లో ఒక తరగతికి ఒక చానల్ చొప్పున పన్నెండు చానళ్లు పెట్టడం ఈ గంటల కొరతకు విరుగుడే. 2022 బడ్జెట్‌లో ఆ పన్నెండును రెండు వందలకు పెంచుతామన్నారు. పన్నెండు నుంచి రెండు వందలు అనేసరికి ఇన్ని ఎందుకు అనిపిస్తుంది గానీ, తరగతులను భాషలతో గుణించి చూస్తే ఆ అంకె అంత విడ్డూరంగా ఉండదు.

వాన పడితే పాఠం ఎందుకు ఆగేది?

పాఠాలు మొదలైంది సెప్టెంబర్‌లో, అంటే నిండు వానాకాలంలో. ఇంటి మీద చిన్న డిష్ ఉన్నవాళ్లకు ఆ అనుభవం తెలుసు. మబ్బు కమ్మి జోరు వాన పట్టగానే బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరి, గడ్డకట్టి, చివరికి ‘సిగ్నల్ లేదు’ అంటుంది. అదే వానలో రేడియో మోగుతూనే ఉంటుంది. కేబుల్ ఉన్న పక్కింట్లో టీవీ కూడా ఆడుతుంటుంది.

డిష్‌కు వచ్చే తరంగం భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహం నుంచి బయలుదేరుతుంది. దాదాపు అంత దూరమూ శూన్యమే, అక్కడ దానికి అడ్డేమీ లేదు. చివరి నాలుగైదు కిలోమీటర్లలోనే వాన ఎదురవుతుంది. ఇంటి డిష్‌కు వాడే కేయూ-బ్యాండ్ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లు. పెద్ద వాన చినుకు వెడల్పు అయిదారు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పొడవులు ఇంత దగ్గర పడినప్పుడు చినుకు తరంగాన్ని కొంత పీల్చుకుంటుంది, కొంత పక్కలకు చెదరగొడుతుంది. కోట్ల చినుకులు కలిసి అదే పని చేస్తే డిష్‌కు చేరేది పిసరంతే. మూడు మీటర్ల ఎఫ్‌ఎం తరంగానికి, నాలుగు వందల మీటర్ల మీడియం వేవ్‌కు ఆ చినుకు ఉన్నట్టే తెలియదు.

పాత యాంటెన్నా టీవీల్లో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చీమలు పాకినట్టు మసకేసేది, అయినా మాట వినబడేది. డిజిటల్ టీవీ అలా మెల్లగా దిగజారదు. వచ్చే అంకెల్లో కొన్ని తప్పిపోయినా సెట్‌టాప్ బాక్స్ తనే పూరించుకుంటుంది. తప్పిపోయినవి ఒక హద్దు దాటాయా, మొత్తానికి చేతులెత్తేస్తుంది. అందుకే చినుకులప్పుడు బొమ్మ అద్దంలా ఉండి, వాన కాస్త పెరగగానే ఒక్కసారిగా మాయమవుతుంది.

మరి ఈ చిక్కు తెలిసి కూడా అంత పొట్టి తరంగాన్ని ఎందుకు ఎంచుకున్నారు? జవాబు దశాబ్దాల వెనక ఉంది. 1975 ఆగస్టు 1న ‘సైట్’ అనే ప్రయోగం మొదలైంది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6ను ఏడాది పాటు వాడుకుని, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ఇస్రో పాఠాలు, వ్యవసాయ కార్యక్రమాలు చూపించింది. ఆ ఊళ్లలో పెట్టిన డిష్‌లు మూడు మీటర్ల వెడల్పున్నవి, కోళ్ల గూళ్లకు వాడే ఇనుప జాలీతో చేసినవి. అప్పటి తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. జాలీ కంతలు దానికంటే చాలా చిన్నవి కాబట్టి ఆ తరంగానికి జాలీ గోడతో సమానం. వాన దాన్ని ఏమీ చేయలేదు. కానీ అంత పొడవైన తరంగాన్ని ఒకచోట కూడగట్టాలంటే డిష్ అంత వెడల్పు ఉండాలి. ఊరికొకటైతే సరే, ఇంటికొకటి ఎలా? తరంగాన్ని కురచ చేసేసరికి డిష్ రెండడుగులకు దిగి, సూర్యాపేటలో రేకుల ఇంటి మీద కూడా పట్టింది. దానికి చెల్లిస్తున్న మూల్యమే వానలో ఆగే పాఠం.

కేబుల్ ఇంట్లో ఎందుకు ఆగలేదంటే, కేబుల్ కంట్రోల్ రూమ్ మీద ఉండే డిష్‌లు పెద్దవి. పైగా చాలా చానళ్లను అక్కడ సి-బ్యాండ్ మీద పట్టుకుంటారు. ఆ తరంగం పొడవు ఏడున్నర సెంటీమీటర్లు, వానకు అంత తేలిగ్గా లొంగదు.

పక్క వీధి సంగతి

2020 ఏప్రిల్‌లో సూర్యాపేట పేరు రాష్ట్రమంతా మోగిపోయింది. కూరగాయల మార్కెట్ చుట్టూ మొదలైన వ్యాప్తితో మూడో వారం దాటేసరికి జిల్లాలో కేసులు ఎనభై మించాయి. ఆ రోజుల్లో సూర్యాపేట మనిషికి అమెరికాలో ఎన్ని కేసులో నిమిషనిమిషానికీ తెలిసేది. కావలసింది మాత్రం వేరు: మా వీధి కంటైన్‌మెంట్ జోన్‌లో ఉందా, పాలు ఎన్నింటికి వస్తాయి, ఏ నంబర్‌కు ఫోన్ చేయాలి?

ఇక్కడ పనికొచ్చింది లోకల్ కేబుల్ చానల్, మైకు కట్టుకు తిరిగిన ఆటో. కేబుల్ కంట్రోల్ రూమ్‌లో ఉపగ్రహం నుంచి వచ్చిన వందల చానళ్ల పక్కన ఒక ఖాళీ గడి ఉంటుంది. కెమెరానో కంప్యూటర్‌నో ఎన్‌కోడర్‌కు కలిపి ఆ గడిలో పెడితే అది ఊరి చానల్. అక్కణ్నుంచి గాజు ఫైబర్‌లో వెలుగుగా ప్రయాణించి, వీధి చివర పెట్టెలో మళ్లీ విద్యుత్తుగా మారి, రాగి తీగలో ఇంటికి చేరుతుంది. తీగ ఎంతవరకు పోతే మాట అంతవరకే పోతుంది, కోదాడ తీగలో విజయవాడ వేళలు కలిసే ప్రమాదం లేదు. కేంద్ర హోంశాఖ 2020 మార్చి 24న ఇచ్చిన లాక్‌డౌన్ ఉత్తర్వులో ప్రసార, కేబుల్ సేవలకు మినహాయింపు ఇచ్చింది. కర్ఫ్యూలో కూడా నిచ్చెన భుజాన వేసుకుని స్తంభాలెక్కిన కేబుల్ కుర్రాళ్లు ఆ ఒక్క పంక్తి బలంతోనే తిరిగారు. వాళ్లను కరోనా యోధుల జాబితాల్లో ఎవరూ చేర్చినట్టు కనబడదు.

ఈ తీగ దారిలో కాక పెద్ద చానళ్ల దారిలో వస్తే పక్క ఊరి దృశ్యం ఎంత చుట్టు తిరిగి వచ్చేదో ఒక ఉదాహరణ. చైనా సరిహద్దులోని గల్వాన్ లోయలో అమరుడైన కల్నల్ సంతోష్‌బాబు సూర్యాపేటవారు. 2020 జూన్ 18న పట్టణం పక్కనే కేసారం దగ్గర అంత్యక్రియలు జరిగాయి. కరోనా వల్ల చితి దగ్గరికి కొద్దిమందినే రానిచ్చారు, మిగతా ఊరు టీవీలో చూసింది. ఇలాంటి లైవ్‌కు చానళ్లు డిష్ ఉన్న వ్యాన్‌నో, నాలుగైదు సిమ్‌లున్న బ్యాగ్‌నో వాడతాయి. ఆ బ్యాగ్ వీడియోను ముక్కలు చేసి, ఏ సిమ్‌కు ఎంత వీలైతే అన్ని ముక్కలు దాని మీద పంపుతుంది. స్టూడియోలో వాటిని మళ్లీ వరుసలో పేరుస్తారు. అక్కణ్నుంచి ఉపగ్రహానికి, ఉపగ్రహం నుంచి ఇంటికి. కాలినడకన వెళ్లగలిగే చోటు నుంచి బొమ్మ 72,000 కిలోమీటర్లు తిరిగి సూర్యాపేట ఇంట్లో దిగిందన్నమాట. ఉపగ్రహం దాకా పోయి రావడానికి పట్టే కాలం పావు సెకను.

ఊరికి సొంత ఎఫ్‌ఎం సంగతికొస్తే, 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం చానళ్లకు ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో సూర్యాపేట ఉంది. ప్రైవేటు ఎఫ్‌ఎంలు సొంత వార్తలు చదవకూడదన్న నిబంధన మన దేశంలో ఇంకా ఉంది. అయితే కరెంటు, నీళ్లు, విపత్తులు, ఆరోగ్య హెచ్చరికల గురించి స్థానిక అధికారులిచ్చే ప్రకటనలను ఆ నిబంధన అడ్డుకోదు. కంటైన్‌మెంట్ వీధుల పేర్లు చదవడానికి ఆ వెసులుబాటు సరిపోతుంది.

టవరే చాటింపు వేస్తే

2023లో ఒకరోజు మీ ఫోన్ సైలెంట్‌లో ఉండి కూడా ఒక్కసారిగా అరిచి, తెర మీద ఒక పరీక్షా సందేశం చూపించి ఉంటుంది. దాన్ని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. మామూలు ఎస్సెమ్మెస్ శుభలేఖ లాంటిది: లక్షమందికి లక్షసార్లు పంపాలి, అందరికీ చేరేసరికి గంటలు పట్టొచ్చు. సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో టవర్ ఒకే మాట ఒకేసారి గాలిలోకి వదులుతుంది, దాని కిందున్న ఫోన్లన్నీ కొన్ని సెకన్లలో అందుకుంటాయి. నంబర్లు తెలియక్కర్లేదు. నెట్‌వర్క్ కిక్కిరిసి ఉన్నా ఆగదు. పటం మీద గీత గీసి, ఆ గీత లోపలి టవర్లకే పంపమనొచ్చు. అందరికీ ఒకేసారి చేరడం, మన ఊరికి మాత్రమే చేరడం అన్న రెండు గుణాలూ ఇందులో ఒకచోట దొరుకుతాయి.

పట్టే చోటు మాత్రం తక్కువ. ఒక సందేశంలో ఇంగ్లిష్ అయితే దాదాపు 1,400 అక్షరాలు వస్తాయి. తెలుగు అక్షరం దాచడానికి రెండింతలకు మించి చోటు కావాలి కాబట్టి అందులో సగం కూడా రావు. గుణింతమూ వత్తూ వేర్వేరుగా లెక్కలోకి వస్తాయి కనుక మనం చదివే అక్షరాలు ఇంకా తక్కువ. వార్డు పేరు, మూసే వేళ, ఫోన్ చేయాల్సిన నంబర్ పడతాయి. టీకా ఎందుకు వేసుకోవాలో, మాస్కు ఎలా కట్టుకోవాలో చెప్పడానికి అందులో చోటు లేదు. దానికి రేడియో, కేబుల్ చానల్ కావలసిందే.